కుట్లు మానాక, కంచం ముందు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మేడం ఏం చదవమంటారు అని అడుగుతుంటారు. చదవాల్సింది కాలేజీలో ఎలాగూ చదివిస్తారు. అక్కడ చదివించనిది నాలుగు ముక్కలు రాసిపెడదామని కూర్చున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ సభలో శాలువా కప్పారు అనే సంగతులు ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే పట్టుకుపోవచ్చు.

పత్తెం అమ్మ

విజయనగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో నా ఉద్యోగమంతా గడిచింది. రోగులకు ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో చెప్పడం నా పని. గది తలుపు మీద డైటీషియన్ అని రాసి ఉండేది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు ఆ మాట నోరు తిరగక ‘పత్తెం అమ్మ’ అనేవారు. పత్తెం అంటే ఉప్పూ కారం లేని చప్పిడి కూడు అని వాళ్ళ లెక్క. అందుకే నేను వార్డులో అడుగుపెట్టగానే సగం మంది కళ్ళు మూసుకుని నిద్ర నటించేవారు.

షుగర్ వాళ్ళను, కిడ్నీ వాళ్ళను, కాలిన గాయాల వాళ్ళను, అందరినీ చూశాను. కానీ నాకు పని నేర్పింది మాత్రం అన్నవాహిక ఆపరేషన్ అయిన రోగులు. గొంతు నుంచి కడుపు దాకా అన్నం దిగే గొట్టమే అన్నవాహిక. దానికి కేన్సర్ వస్తే చెడిన భాగం తీసేస్తారు. కడుపును సన్నని గొట్టంలా కుట్టి, ఛాతీలోకి పైకి లాగి, మెడ దగ్గర మిగిలిన ముక్కతో కలుపుతారు. చెప్పడానికి రెండు వాక్యాలు. చేయడానికి సర్జన్‌కి రోజంతా పడుతుంది. ఆ కొత్త ఏర్పాటుతో తినడం నేర్చుకోవడానికి రోగికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. సర్జన్ పని అయిపోయిన చోట మన పని మొదలవుతుంది.

మా సర్జన్ గారు మంచి పనివాడు. చేతిలో నైపుణ్యం ఉంది, మనసులో మోసం లేదు. నోరు మాత్రం కరుకు. ‘నేను దారి వేశాను, బండి తోలుకోవడం వాళ్ళ పని’ అనేవారు. ఆ దారి ఎంత ఇరుకో ఆయనకి తెలుసు. ఆ బండి తోలడం ఎంత కష్టమో తెలియడానికి ఆయనకి కొన్నేళ్ళు పట్టింది. నాకూ అంతే పట్టింది.

ఈ రోగులకు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. కడుపు చోటు తగ్గిపోయింది గనక రెండు పూటల భోజనాన్ని ఆరు చిన్న తిండ్లుగా చేసుకోవాలి. చిన్న ముద్ద, బాగా నమలాలి, తొందర పడకూడదు. నిటారుగా కూర్చుని తినాలి, తిన్నాక వెంటనే నడుం వాల్చకూడదు. అన్నంతో పాటు నీళ్ళు గటగటా తాగకూడదు. పడుకునేటప్పుడు తలవైపు ఎత్తు ఉండాలి, లేకపోతే తిన్నది పైకి తన్నుతుంది. దీన్ని చిలకలా ఎవరైనా చెప్పగలరు. చెప్పి, సంతకం పెట్టి, ఇంటికి పంపేసి, పని అయిపోయిందనుకునే డైటీషియన్లను నేను చాలామందిని చూశాను. వాళ్ళ మీద నాకు గౌరవం లేదు.

పరామర్శ తిండి

మన వైపు మనిషికి జబ్బు చేస్తే చుట్టాలు ఒట్టి చేతులతో రారు. మనిషి లేచి కూర్చున్నాడని తెలిస్తే మరీ. నరసన్నపేట మేష్టారు ఒకాయన, రిటైరైనవాడు, ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళాక మొదటివారం బాగానే ఉన్నారు. ఆ తర్వాత ఆయన బావమరిది మందస కోవా పట్టుకొచ్చి, పక్కన కూర్చుని, ఒక్కటంటే ఒక్కటి అని మూడు తినిపించాడు. అరగంట తిరక్కుండానే మేష్టారికి ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం. గుండెపోటేమో అని ఇల్లంతా గగ్గోలు. బావమరిది ఎర్రనీళ్ళతో దిష్టి కూడా తీశాడట.

అది గుండెపోటూ కాదు, దిష్టీ కాదు. మామూలుగా కడుపు తిండిని కాసేపు ఆపి, కొద్దికొద్దిగా పేగులోకి వదులుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత ఆ ఆపే శక్తి తగ్గిపోతుంది. తీపి ఒక్కసారిగా పేగులో పడితే ఒళ్ళు అలా ఎదురు తిరుగుతుంది. భయపడాల్సింది లేదు గానీ, కోవాకి దూరంగా ఉండాలి. మేష్టారు నాతో ఫోన్‌లో మాట్లాడుతూ, తినకపోతే బావమరిది నొచ్చుకుంటాడు గదమ్మా అన్నారు. తన పేగు నొచ్చుకుంటుందని ఆయనకి తోచలేదు.

ఈ మేష్టారి సంగతి ఎందుకు చెప్పానంటే, మన వాళ్ళు నోట్లో పెట్టుకునే ప్రతి ముద్ద వెనక ఇంకో మనిషి ఉంటాడు. రోగిని ఒక్కణ్ణే చూస్తే మనకి సగమే కనిపిస్తుంది. నాకీ సంగతి కోవాతో కొంత తెలిసింది. పూర్తిగా తెలియజేసినవాడు అప్పన్న.

అప్పన్న

అప్పన్నది కోటబొమ్మాళి పక్క పల్లె. వరి రైతు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, కబుర్లపోగు. ఆపరేషన్ అయ్యాక పది పన్నెండు రోజులకి నోటితో తినడం మొదలుపెట్టించాం. అంతవరకూ పొట్ట పక్క నుంచి పేగులోకి వేసిన సన్నని గొట్టంతోనే ఆహారం పోసేవాళ్ళం. పక్క మంచం వాడికి ఊరి కబుర్లు చెబుతూ, మధ్యమధ్యలో ఒక్కో ముద్ద తింటూ, కంచం ముందు చాలాసేపు కూర్చునేవాడు. ఇలాంటి రోగికి ఇంతకంటే మంచి అలవాటు ఉండదు. గొట్టం తీసేసి, ఆరు తిండ్లూ ఏమిటో భార్య అసిరమ్మకి విడమరిచి చెప్పి, సంతోషంగా పంపించాం.

అసిరమ్మ చిన్నపాటి మనిషి. చురుకైనది. చెప్పిందల్లా ఒక్కసారి వింటే చాలు, తిరిగి అప్పజెప్పేది. ఈ ఇంటి గురించి బెంగ లేదు అనుకున్నాను.

రెండు నెలలకి ఇద్దరూ రైల్లో వచ్చారు. అప్పన్న చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. మొదటి నెలల్లో బరువు తగ్గడం మామూలే, కానీ ఇది మామూలు కాదు. నాలుగు ముద్దలు తినేసరికి ఇక్కడ అడ్డం పడిపోతోందని గొంతు కింద చేయి పెట్టి చూపించాడు. కొన్నిసార్లు కక్కుకుంటున్నాడట. ఏం పెడుతున్నావని అసిరమ్మని అడిగాను.

“సోడంబలి, మెత్తగ ఉడికించిన బువ్వ, గుడ్డు, పప్పుకట్టు. నువ్వు సెప్పినవే అమ్మా. ఒక్కటీ తప్పనేదు” అంది.

నిజమే, తప్పలేదు. సోడంబలి అంటే రాగిజావే. కుట్టు దగ్గర దారి ఇరుకైపోయిందేమోనని సర్జన్ గారు ఎండోస్కోపీ చేసి కాస్త సాగదీశారు. ఈ ఆపరేషన్ తర్వాత అది చాలామందికి అవసరం పడేదే. ఇంటికి పంపారు. కొన్ని వారాలకి మళ్ళీ వచ్చారు, ఇంకా చిక్కి. మళ్ళీ చూస్తే దారి తెరిచే ఉంది. జబ్బు తిరగబెట్టిందేమోనని స్కాన్ తీయించారు. అందులోనూ ఏమీ లేదు. సర్జన్ గారికి అంతుచిక్కని రోగి అంటే కోపం. దారి బాగుంది, జబ్బు లేదు, మనిషి మాత్రం కరిగిపోతున్నాడు, వార్డులో చేర్చి మళ్ళీ గొట్టం వేసేద్దాం అన్నారు. తప్పు పట్టడానికి లేదు. అలాంటి మనిషిని అలాగే వదిలేస్తే చిన్న జ్వరం వచ్చినా తట్టుకోలేడు.

ఆ మాట చెప్పడానికి నన్ను పంపారు. ఇలాంటి మాటలు చెప్పడానికి ఎప్పుడూ మనల్నే పంపుతారు, అలవాటు చేసుకోండి. అప్పన్న విని, పొట్ట పక్కన పాత గొట్టం మచ్చ మీద చేయి పెట్టుకున్నాడు.

“గొట్టం ఏస్తే ఇంక నాను మనిషిని కానమ్మా. సేలో నీళ్ళు పెట్టినట్టు కడుపులో పోస్తారు. మొదట్ల తప్పదని ఊరుకున్నాను. మళ్ళీ అంటే నా వల్ల కాదు. ఇంటికెలిపోతాను, అక్కడే సస్తాను” అన్నాడు.

బెదిరింపు కాదది. ఇలా అని వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. కబురు రావడం ఆగిపోయినప్పుడు మనకి అర్థమవుతుంది. అప్పన్న విషయంలో అలా జరగకూడదని నాకు పంతం పట్టింది. ఆయనంటే ఇష్టం కూడా ఉంది, ఎందుకు దాచడం.

గోడ పక్క మనిషి

గొట్టం మాట పక్కన పెట్టి, ముందు నాలుగు రోజులు ఉండి చూడమని బతిమాలితే ఒప్పుకున్నాడు. వార్డులో చేర్చిన రోజు మధ్యాహ్నం అప్పన్న ఎప్పటిలాగే కబుర్లు చెబుతూ పెట్టినదంతా తిన్నాడు. అడ్డం పడలేదు, కక్కుకోలేదు. మర్నాడు పొద్దునా అంతే. ఇక్కడ తింటాడు, ఇంటికెళ్తే తినడు, ఆవిడ వంట బాగోదేమో అన్నారు సర్జన్ గారు. కసిరినట్టే అన్నారు గానీ నాకు అందులో పాయింటు ఉందనిపించింది.

మా ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. రోగుల వెంట వచ్చినవాళ్ళు అక్కడ వండుకునేవారు. అసిరమ్మ చేత అక్కడే అప్పన్నకి వండించి రుచి చూశాను. అన్నం వెన్నలా ఉంది. పప్పుకట్టులో ఉప్పు సరిగ్గా ఉంది. మా ఆసుపత్రి వంటకంటే నయం, అది పెద్ద గొప్ప కాదనుకోండి. తిండిలో తేడా లేదు. మనిషిలో తేడా లేదు. మరింక తేడా దేనిలో ఉంది?

మా మేట్రన్ గారిది ఒక నియమం. రోగులు తినే వేళకి వెంట వచ్చినవాళ్ళంతా వార్డు బయటికి వెళ్ళాలి. గుంపులు, ఎంగిళ్ళు, ఈగలు ఉండకూడదని ఆవిడ ఉద్దేశం. మంచి నియమమే. కానీ వార్డుకీ ఇంటికీ ఉన్న తేడా అదొక్కటే. ఒక్క పూటకి అసిరమ్మని లోపల ఉండనిమ్మని మేట్రన్ గారిని బతిమాలాను. ఆవిడ సణుక్కుంటూ ఒప్పుకున్నారు.

నేను అవతలి మంచం దగ్గర ఏదో పని ఉన్నట్టు నిలబడ్డాను. అప్పన్న తినడం మొదలుపెట్టాడు. అసిరమ్మ మంచం కాళ్ళవైపు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క మాట అనలేదు. ‘తిను’ అనలేదు, ‘తొందరగా కానియ్’ అనలేదు. కంచం వైపు చూస్తోంది, అంతే. అప్పన్న కబుర్లు చెప్పడం మానేశాడు. ఒకసారి తలెత్తి ఆమెని చూశాడు. ముద్ద పెద్దదైంది. ఇంకోసారి చూశాడు. నమలడం తగ్గింది. కాసేపటికి గొంతు కింద చేయి పెట్టుకుని, సాలు, తీసెయ్ అని కంచం నెట్టేశాడు.

అసిరమ్మ కంచం తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. అప్పన్న వదిలేసినదాంట్లో ఇంకాస్త అన్నం కలుపుకుని, గొంతుక్కూర్చుని గబగబా తింటోంది. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అని అడిగాను. తెల్లబోయి చూసింది.

“ఆయన తినకండా నానెలగ తింతానమ్మా?” అంది.

ఇదివరకు రెండు పూటలే గనక ఇబ్బంది లేదు. ఆయన తిని లేస్తే ఈమె కూర్చునేది. ఇప్పుడు ఆయన ఆరుసార్లు తినాలి. మరి నువ్వు ఎప్పుడు తింటున్నావని అడిగితే, అదే తెలియడం లేదంది. “ఏది అసలు బువ్వో, ఏది సిరుతిండో నాకేటి తెలుస్తాది? అన్నీ అయిపోయినాక ఆకర్న తింతన్నాను.” అప్పుడు ఆమె మెడ వైపు చూశాను. ఎముకలు లెక్కపెట్టొచ్చు. మా దృష్టంతా అప్పన్న బరువు మీదే. ఈమె బరువు ఎంతో ఎవరూ చూడలేదు. మనిషి అంత దగ్గరగా నిలబడితే కూడా మాకు కనిపించలేదు.

తిరిగొచ్చి అప్పన్న పక్కన కూర్చున్నాను. నీ భార్య ఇంట్లో కూడా అలాగే నిలబడుతుందా అని అడిగాను. ఆయన దుప్పటి సర్దుకుంటూ చెప్పాడు.

“నిల్సుంటాది. కూకోమంటే కూకోదు. అది ఆకలితో అలగ నిల్సుంటే నాను తీరుబడిగా ఎలగ తింతానమ్మా? గబగబ నాలుగు మింగీసి లేసిపోతే, అది తింతాది గదా అని.”

నాకు ఒళ్ళు మండింది. జాలీ వేసింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పస్తులుంటున్నారు. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. మేము ఎండోస్కోపీలు చేసి, స్కాన్లు తీసి, గొట్టానికి కత్తి నూరుతున్నాం.

ఈ ఆచారం మంచిదా చెడ్డదా అని నన్ను అడగొద్దు. మా అమ్మా అలాగే తినేది, ప్రతి ఆదివారం చర్చిలో అందరూ సమానమని పాడి వచ్చి మరీ. రోగి ఇంటి అలవాటుని వెక్కిరిస్తే రోగి మన మాట వినడం మానేస్తాడు. దాన్ని చూడకపోతే రోగే మిగలడు. ఈ రెంటికీ మధ్యే మన ఉద్యోగం.

సర్జన్ గారి మందు

అసిరమ్మకి నువ్వు ముందు తినేసి రా అని చెప్పాను. సరే అమ్మా అని తలూపింది. తర్వాతి పూట అడిగితే మళ్ళీ తలూపింది. ముఖం చూస్తేనే తెలుస్తోంది, తినలేదు. మొగుడికంటే ముందు తినడం ఆమె వల్ల అయ్యే పని కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సర్జన్ గారికి సంగతంతా చెప్పాను. ఆయన ముందు నవ్వారు. ఇది ఏ పుస్తకంలో ఉందండీ అన్నారు. నేను నవ్వకపోయేసరికి ఆయనా ఆపారు. కాసేపు పెన్ను తిప్పుకుని, రెండు రోజులు ఆగుతాను, బరువు ఇంకా తగ్గితే మాత్రం గొట్టమే అన్నారు. ఆయన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. రెండు రోజుల్లో తేలకపోతే అప్పన్న కోటబొమ్మాళి రైలెక్కుతాడు, మళ్ళీ రాడు.

ముందు తినదు, తర్వాత తింటే ఆయనకి దిగదు. ఇంక మిగిలింది ఒకటే, ఇద్దరూ ఒకేసారి తినడం. ఆ మాట అంటే అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడితో సమానంగా కంచం ముందేసుకుంటే నలుగురూ ఏమంటారని ఆమె బాధ. వార్డులో ఆ నలుగురు ఎవరమ్మా, అందరూ సెలైన్ సీసాలు తగిలించుకున్నవాళ్ళే గదా అన్నాను. లాభం లేకపోయింది. పత్తెం అమ్మ మాట పత్తెం వరకే చెల్లుతుంది.

మర్నాడు రౌండ్స్‌లో సర్జన్ గారు అప్పన్న మంచం దగ్గర ఆగారు. అసిరమ్మని పిలిచి, మొహంలో నవ్వన్నది లేకుండా చెప్పారు. ఈయనకి రోజుకి ఆరు పూటల మందు రాశాను, ఆ మందు నువ్వు ఇతని పక్కన కూర్చుని తినడమే, ఒక్క పూట తప్పినా నాది పూచీ కాదు. చెప్పేసి తర్వాతి మంచానికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళలో ఆయన రాసిన మందుల్లో నాకు నచ్చింది అదే. డాక్టర్ చెప్పాడంటే ఆచారం కూడా కాస్త పక్కకి జరుగుతుంది.

మధ్యాహ్నం అసిరమ్మ కంచం తెచ్చుకుంది. మంచం పక్కన నేల మీద, అప్పన్నకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. మేట్రన్ గారు గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మొదట ఇద్దరి చేతులూ కంచాల మీదే ఉండిపోయాయి. తర్వాత అసిరమ్మ వైపు నుంచి కంచం కదిలిన చప్పుడు వినిపించింది. అప్పన్న అప్పుడు మొదటి ముద్ద పెట్టుకున్నాడు. కాసేపటికి పక్క మంచం వాడితో ధాన్యం ధర గురించి గొడవ మొదలుపెట్టాడు. అసిరమ్మ తినేసి, చేయి కడుక్కొచ్చి, మళ్ళీ గోడ వైపే తిరిగి కూర్చున్నా ఆయన ఇంకా తింటూనే ఉన్నాడు. గొంతు దగ్గరికి చేయి వెళ్ళలేదు.

రెండు రోజులకి బరువు తగ్గలేదు. పెరగనూ లేదు, కానీ తగ్గలేదు. సర్జన్ గారు గొట్టం మాట ఎత్తలేదు. ఆ తర్వాత రౌండ్స్‌లో ప్రతి అన్నవాహిక రోగినీ ఇంట్లో నువ్వు తినేటప్పుడు ఎదురుగా ఎవరుంటారు అని అడగడం మొదలుపెట్టారు. జూనియర్ డాక్టర్లు మొహమొహాలు చూసుకునేవారు. మనలో ఎవరూ దీన్ని ఘనతగా చెప్పుకోకండి. ఆపరేషన్ చేసిన నాడే అడగాల్సిన ప్రశ్న అది.

మళ్ళీ వచ్చినప్పుడు

కోతలయ్యాక ఇద్దరూ చెకప్‌కి వచ్చారు. అప్పన్న చొక్కా భుజాల మీద నిలబడింది. పాత మనిషి అని చెప్పను, ఈ ఆపరేషన్ తర్వాత ఎవరూ పాత మనిషి కారు. కానీ గట్టి మనిషే. అసిరమ్మని కూడా బరువు చూసే మిషన్ ఎక్కించాను. మొగుడి ముందు ఎక్కడానికి సిగ్గుపడింది గానీ ఎక్కింది. ఆమె కూడా కాస్త ఒళ్ళు చేసింది.

ఇంట్లో ఇప్పుడు ఎలా తింటున్నారు, ఇంకా గోడ వైపేనా అని అడిగాను. అసిరమ్మ తల దించుకుంది. అప్పన్న కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“ఎదురుగానే కూకుంటాదమ్మా ఇప్పుడు. నీకొకటి సెప్పాల. ముళ్ళుంటాయని నాను సేప తలకాయి తినకూడదు గదా. మొన్న దీని కంచంలో ఏసీసినాను. అలగ సూత్తంటే, ఎంత ఇట్టంగా జుర్రుకుందో. నాకు తెలీదు తల్లీ, దీనికి తలకాయంటే పేణమని. పెళ్ళైన కాడి నుంచీ నా కంచంలోనే ఏసీది.”

“ఊరుకో మావా” అంది అసిరమ్మ.

“ఊరుకోడమేటి. నాకు అది సయించనే సయించదు. నువ్వు పెడతన్నావు గదా అని తిన్నాను, ఇన్నాళ్ళూ.”

అసిరమ్మ తలెత్తింది. “సయించదని ఒక్కనాడైనా సెప్పనేదేటి?”

“నీకు ఇట్టమని నువ్వు సెప్పినావేటి?”

నా బల్లకి అవతల ఆ రెండు కుర్చీల్లో ఇద్దరూ అలా ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. తర్వాతి రోగి తలుపు తోసుకుని లోపలికి రాబోతుంటే, కాసేపు బయట కూర్చోమన్నాను.